తాబేలు ఓడను కొట్టనివాడు

ఆ వేసవిలో పదకొండు రోజులు నేను కొరియా రాజుని. చెప్పుకోవడానికి సిగ్గే, కానీ నిజం. నా రాజ్యం కాశీబుగ్గలో, మేడ మీది కంప్యూటర్ సెంటర్లో, కిటికీ పక్క సిస్టమ్‌లో ఉండేది. మెట్ల కింద రక్త పరీక్షల ల్యాబ్. ఆ ల్యాబ్‌లో నా రిపోర్టు ఉంది. అది తెమ్మనే అమ్మ నన్ను రోజూ మందసలో బస్సెక్కమని పంపేది.

ఇంటింటా కిడ్నీ జబ్బున్న మా ఉద్దానంలో రక్తం ఇవ్వడం తేలికే, కాయితం తెచ్చుకోవడమే కష్టం. ఊళ్ళో క్యాంపు పెట్టి అమ్మకీ నాకూ ఒకే రోజు సూది గుచ్చారు. కిడ్నీలు పాడై నాన్న పోయి అప్పటికి ఏడాది. ఆయనకీ మొదట ఇలాంటి కాయితమే వచ్చింది. అది వచ్చిన రోజు నుంచి మా ఇంట్లో ఎవరూ గట్టిగా నవ్వలేదు. నాకు ఇరవై ఏళ్ళు. నడుం కాస్త లాగితే చాలు, అయిపోయింది నా పని అనుకునేవాణ్ణి. పొద్దున లేస్తూనే పాదాలు వాచాయేమోనని నొక్కి చూసుకునేవాణ్ణి.

బస్సు దిగి ల్యాబ్ దాకా బాగానే నడిచేవాణ్ణి. గుమ్మం ముందు కాళ్ళు మొరాయించేవి. పక్కనే మెట్లు, ఎక్కేసేవాణ్ణి. సాయంత్రం ఇంటికెళ్ళి, మిషను పాడైందట, రేపు రమ్మన్నారు అని చెప్పేవాణ్ణి.

"నీది ఏటొచ్చిందో తెలిస్తే గాని నాకు ముద్ద దిగదు బాబూ" అనేది అమ్మ.

నేనాడే ఆ కంప్యూటర్ యుద్ధాల ఆటలో బోలెడు దేశాలున్నాయి. నేను కొరియా తప్ప ఇంకోటి ముట్టుకోలేదు. కొరియా వాళ్ళు రాయి గబగబా తవ్వుతారు. రాయి ఉంటే గోడ కట్టొచ్చు. తోటలో మొక్క నాటకముందే కంచె వేసే ఇంట్లో పుట్టినవాణ్ణి కదా, ఊరు లేవకముందే చుట్టూ గోడ లేపేసేవాణ్ణి. ఆ హడావిడిలో ద్వారం పెట్టడం మరిచిపోయేవాణ్ణి. లోపలి బంగారం అయిపోయాక నా జనం గోడ దగ్గర బిక్కమొహాలేసుకుని నిలబడేవాళ్ళు. వాళ్ళని చూస్తే నాకే ఒళ్ళు మండేది.

నాకు జోడీ, నాతో డిగ్రీ చదివిన సముద్రపు ఒడ్డు కుర్రాడు. వాళ్ళింట్లో అందరిదీ చేపల వేటే. వేట నిషేధం రోజులు కాబట్టి తీరిగ్గా ఉండేవాడు. పక్క సిస్టమ్‌లో కూర్చుని నా మీదికి ఓడలు తోలేవాడు. నీళ్ళ మీద వాణ్ణి గెలవడం నా వల్ల అయ్యే పని కాదు. కానీ కొరియాకి తాబేలు ఓడ ఉంది, వీపు మీద గట్టి డిప్పతో. మొదటిసారి అది నా రేవులోంచి బయటికి రాగానే వాడు తన ఓడల్ని కొట్టకుండా ఆపేశాడు. రెండు వేళ్ళు కళ్ళకద్దుకున్నాడు కూడా! నా తాబేలు వాడి ఓడల్ని ఒక్కొక్కటే ముంచేసింది.

"ఏట్రా, కొట్టవేటి?"

"కూర్మనాథుడు బావా. కొడతారేటి?"

"ఒరే, అది బొమ్మరా!"

"బొమ్మైతే మాత్రం?"

పగలబడి నవ్వాను. ఆ తర్వాత సిగ్గూ శరమూ లేకుండా రోజూ తాబేళ్ళతోనే గెలిచాను. గెలిచినా సంతోషం లేదు. కిటికీలోంచి జీడిపిక్కలు కాల్చే పొగ, కరెంటు పోతే ఉక్క, చొక్కా వీపుకి అంటుకుపోయేది. కిందికి దిగాలంటే ఆ ల్యాబ్ ముందునుంచే వెళ్ళాలి. పైన ఉండలేను, కిందికి పోలేను. ఆ గదిలో నాకు ఊపిరాడేది కాదు.

పదకొండో రోజు పొద్దున్న అమ్మ, "రేపు నానే వత్తాను, ఆ మిషను సంగతేటో నానే అడుగుతాను" అంది. ఇంక దాగడానికి చోటు లేదు. ఆ రోజు నా తాబేళ్ళు, వాడి ఓడలు ఎదురెదురుగా నిలబడిపోయాయి. నాకు మౌసు మీద చెయ్యి కదల్లేదు.

"ఏటయ్యింది బావా?" అన్నాడు వాడు. "రోజూ సూత్తన్నాను. ల్యాబ్ కాడ ఆగుతావు, దిక్కులు సూత్తావు, పైకొచ్చీసి గోడలు కడతావు."

"నీకెందుకురా? నోర్మూసుకుని ఆడు" అని అరిచాను. అరిచాక ఏడుపొచ్చింది. అంతా చెప్పేశాను.

వాడు నవ్వలేదు. "మా వల్లో తాబేలు పడితే, ఎంత కొత్త వలైనా మా నాన్న కోసీసి, బొట్టెట్టి సముద్రంలోకి ఒగ్గీత్తాడు. అది నీళ్ళలోనే బతుకుతాది గాని, పైకొచ్చి ఊపిరి తియ్యకపోతే సచ్చిపోద్ది బావా. లే, పద" అని నా రెక్క పట్టుకుని మెట్లు దింపాడు.

ల్యాబ్ అతను కాయితం తీసిచ్చాడు. నేను అందుకోకముందే వాడు లాక్కుని చూసి, ల్యాబ్ అతనికి చూపించి, వీధంతా వినబడేలా అరిచాడు, "నీది బాగుంది బావా!" నేను బల్ల మీద తల పెట్టేశాను. ప్రాణం లేచొచ్చింది.

అప్పుడు ల్యాబ్ అతను రెండో కాయితం ముందుకు తోశాడు.

"ఈవిడ మీ అమ్మగారేనా? ఎంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి. కాయితాలొచ్చి పది రోజులైంది. ఇన్నాళ్ళూ ఏటి సేత్తన్నావు?"

కొరియాకి గోడలు కడుతున్నాను. ఆ రెండో కాయితం ఒకటుందన్న సంగతే నాకు గుర్తు లేదు. పదకొండు రోజుల్లో ఒక్కసారి కూడా అమ్మది ఎలా వచ్చిందో అనుకోలేదు. ఆవిడా అడగలేదు.

ఇంటికెళ్ళేసరికి గుమ్మంలోనే నిలబడి ఉంది.

"నీదేటొచ్చింది బాబూ?"

"బాగుందమ్మా."

కొంగుతో మొహం తుడుచుకుని నవ్వింది. నాన్న కాయితం వచ్చినప్పట్నుంచీ మా ఇంట్లో గట్టిగా వినబడిన మొదటి నవ్వు అది. "ఇంకేటి మరి, కాళ్ళు కడుక్కో, అన్నం ఎడతాను" అని లోపలికి వెళ్ళింది.

రెండో కాయితం నా జేబులో ఉంది.