బార్డోలీలో గది చూడబోయి

1996 నవంబరు 17, ఆదివారం. పలచటి చలి, ఆకాశంలో మబ్బు లేదు. ఆరు గంటలకే లేచి నాలుగు బిందెల నీళ్లు పట్టాను.

దీపావళి సెలవుల తర్వాత మగ్గాలింకా తిరగడం లేదు. బార్డోలీలో కొత్త మరమగ్గాల షెడ్డుకు మేస్త్రీ కావాలని, సేటు ఇంటి వెనకే రెండు గదులు కూడా ఇస్తారని తోటి పనివాడు సత్తయ్య చెప్పాడు. సూరత్ శివారు భేస్తాన్‌లో మాది ఒకటే గది. నేను, భార్య భాగ్య, ఎనిమిదేళ్ల కూతురు స్వప్న తొమ్మిదేళ్ల కాపురాన్ని అందులోనే సర్దుకున్నాం. అందుకే ఈ ప్రయాణం.

సత్తయ్య ఒక జాగ్రత్త కూడా చెప్పాడు. "అన్నా, సేటు తల్లి ఒక్కటే అడుగుతది, మాంసం తింటరా అని. తల అడ్డంగ ఊపు, చాలు. నీకు మాట్లాడుడు ఎట్లాగూ రాదు గద!"

అది నాకు కొత్త కాదు. ఇప్పుడున్న గదికీ అలాగే తల ఊపి చేరాను. అప్పటినుంచి మాంసం వండిన రోజున కిటికీ మూసి అగరుబత్తులు వెలిగిస్తాం. ఎముకలు కాగితంలో చుట్టి, టిఫిన్ డబ్బాలో పెట్టుకుని, షిఫ్టుకు వెళ్తూ రైలు పట్టాల అవతల పారేస్తాను.

ఏడున్నరకు షేర్ ఆటో ఎక్కాం. సూరత్ బస్టాండుకు మనిషికి మూడు రూపాయలు; ఉధనా దగ్గర రద్దీ లేకపోతే ముప్పావు గంట. అక్కడినుంచి బార్డోలీ బస్సులు తరచుగా ఉంటాయి. టికెట్టు తొమ్మిది రూపాయలు, పిల్లలకు సగం. గంట ప్రయాణమే కానీ, చెరకు బండ్లు రోడ్డెక్కే కాలంలో ఇంకో అరగంట కలుపుకోవాలి. "ఈ రోడ్డుకు డ్రైవర్ నేను కాదు, ఆ ఎడ్లే" అని మా డ్రైవరు హిందీలో అంటే బస్సంతా నవ్వింది. స్వప్న గుజరాతీలో ఏదో అని అతన్నీ నవ్వించింది. దానికి మూడు భాషలు, నాకు ఒకటిన్నర.

పది దాటాక చేరాం. గదులు మంచివి. వంటగదిలోనే కుళాయి, భాగ్య దాన్ని రెండుసార్లు తిప్పి చూసింది. సేటు తల్లి మాకు చాయ్ ఇచ్చి, నెమ్మదిగా అడిగింది: "మాంస్-మచ్ఛీ తో నహీ ఖాతే?"

నేను తల కదిపేలోపే స్వప్న అందుకుంది. "నహీ బా, హమ్ కభీ నహీ ఖాతే."

సేటు తల్లిని 'అమ్మా' అన్నట్టు గుజరాతీలో 'బా' అని పిలిచి, మేమెప్పుడూ తినమంది. ఎక్కడా తడబడలేదు. నిన్న నల్లిబొక్క కోసం వాళ్లమ్మతో పోట్లాడిన పిల్ల! ఇలా చెప్పమని నేనెప్పుడూ అనలేదు. కానీ అది పుట్టినప్పటినుంచీ కిటికీ మూస్తున్నది నేనే.

"ఖాతే హై, బా" అన్నాను. "కోడి, మేక, ఎండురొయ్యలు, అన్నీ తింటాం. పండగైతే రెండు పూటలా."

ఆమె కోప్పడలేదు. బయట తిని వస్తే అభ్యంతరం లేదు, ఇంట్లో మాత్రం వండొద్దంది. వండుకుంటామన్నాను. "సచ్ బోలా, అచ్ఛా కియా," నిజం చెప్పి మంచిపని చేశావంటూ ఆమె ఖాళీ గ్లాసులు తీసుకుంది. మేస్త్రీ షెడ్డు దగ్గరే ఉండాలి కాబట్టి, గది లేకపోతే పనీ లేదు. లేచి వచ్చేశాం.

వీధిలోకి రాగానే భాగ్య అందుకుంది. "రెండు గదులయ్యా! ఇంట్లనే నల్లా! తొమ్మిదేండ్లు నోరు తెరవనోనివి, ఇయ్యాల్నే తెరవాల్నా?"

"నాయినా, నేను తప్పు చెప్పిన్నా?" అంది స్వప్న.

"నన్ను చూసి చెప్పినవ్ బిడ్డా. తప్పు నాది."

తిరుగు ప్రయాణంలో ఉధనాలో ఆటో మారేటప్పుడు, ఎండురొయ్యల బుట్ట ముందు భాగ్యే ఆగింది. "పావుకిలో తీస్కో. ఎట్లాగూ గది పాయె!"

ఉన్న చోటును బట్టి మనిషి మారతాడు. రొట్టె తినడం, హిందీలో కోపం తెచ్చుకోవడం నేనిక్కడే నేర్చుకున్నాను, అందుకు సిగ్గులేదు. నా పళ్లెంలో ఉన్నది దాచడానికి మాత్రం నేనే ఒప్పుకున్నాను. ఇక ఒప్పుకోను. ఈ గది కూడా పోతే పక్కనున్న డిండోలిలో వెతుక్కుంటాం. బార్డోలీలో గది చూడబోయేవారికి ఒక సలహా: మీరేం తింటారో చాయ్ తాగకముందే చెప్పండి. తాగాక చెప్పడం కష్టం.

రాత్రి ఏడైంది. రొయ్యలు వేగుతున్నాయి, వాసన మెట్ల దాకా పోయింది. ఇంటి యజమాని చెప్పుల చప్పుడు పైకి వస్తోంది. స్వప్న అలవాటుగా కిటికీ రెక్క పట్టుకుని నావైపు చూసింది. తల అడ్డంగా ఊపాను.