రాజారత్నం గారి పొడుగు గీత

అమృతలూరు బడిలో పలక పట్టి, రేపల్లెలో డాక్టరుగా బోర్డు కట్టిన మనిషి రాజారత్నం గారు. బడి పరుగుపందెంలో మొదటివారు, పద్యాల పోటీలో మొదటివారు, ఆ ఊరి నుంచి వైద్యం చదివినవాళ్లలోనూ మొదటివారే. ఈ సంగతులన్నీ వచ్చిన ప్రతి రోగికీ నాడి చూస్తూ చెప్పేవారు. నోట్లో థర్మామీటరు ఉండేది కనుక ఎవరూ అడ్డు తగిలేవారు కాదు.

మందుల కంపెనీ ముజీబ్ తెనాలి నుంచి వచ్చినప్పుడల్లా, "మీరు మొదలెడితేనే సార్, మిగతావాళ్లు రాసేది" అనేవాడు. ఆ ఒక్క మాటకు కరిగిపోయి, ముక్కు కారినా గొంతు గరగరలాడినా ఆయన ముజీబ్ తెచ్చిన కొత్త యాంటీబయాటిక్కే రాసేవారు.

2006లో బాపట్లలో డాక్టర్ల సమావేశం పెట్టారు. ఎవరెవరు ఏ మందులు రాస్తున్నారో షాపుల్లో వాకబు చేసి, డాక్టర్ ప్రసూన తెర మీద గీతలుగా చూపించింది. పేర్లు లేవు, నంబర్లే. ఎవరి నంబరు వాళ్లకు గుట్టుగా కవర్లో అందింది. రాజారత్నం గారు కవరు విప్పి తెర వైపు చూశారు. తన గీత అందరినీ దాటి పైఅంచును తాకుతోంది. ఇక కూర్చోలేకపోయారు. లేచి, కోటు గుండీలు పెట్టుకుని, శాలువాకు వీలుగా మెడ కాస్త వంచి, "ఆ పొడుగుది నాదేనండి" అన్నారు.

శాలువా ఎవరూ తేలేదు.

"సార్, అది ఉత్త జలుబుకు రాసిన యాంటీబయాటిక్కుల లెక్కండి" అంది ప్రసూన మెల్లగా. "జలుబు వైరస్ వల్ల వస్తుంది, ఆ మందు దాన్ని ఏం చెయ్యలేదు. మొహమాటంగా ఉంటుందనే పేర్లు వెయ్యలేదు."

వెనక ఎవరో, "పేరు దాచినా దాగే మనిషేంటి ఆయన" అన్నారు.

రేపల్లె చేరేదాకా రైల్లో పక్కవాళ్లకు ఆయన ఒక్క ఘనతా చెప్పలేదు.

మర్నాడు గాజులమ్మే ఇమాం బీ తుమ్ముకుంటూ వచ్చింది.

"ఆ ఎర్ర గొట్టం మాత్రలు రాయండి సారూ."

"అక్కర్లేదమ్మా. ఉప్పునీళ్లు పుక్కిలించు, అదే తగ్గిపోద్ది."

"ఆ మాట మా కోడలు కూడా చెప్పిద్ది. ఇంక డాక్టరెందుకు?"

ఆమె చెప్పులేసుకోబోతోంది. వెళ్లేది ఎదురు వీధి డాక్టరు దగ్గరికేనని ఆయనకు తెలుసు. చప్పున చీటీ తీసి, పెద్దక్షరాలతో "ఉప్పునీళ్లు, మూడు పూటలా" అని రాసి, సంతకం చేసి, ముద్ర కూడా కొట్టారు.

"ఇది బాపట్లలో నిన్న తేల్చిన వైద్యం. రేపల్లెలో మొదట రాస్తున్నది నేనే."

ఇమాం బీ చీటీ కళ్లకద్దుకుని పోయింది. మందుల షాపువాడు స్టాకు లేదన్నాడట.

మరుసటి ఏడు సమావేశంలో అందరిలోకీ పొట్టి గీత రాజారత్నం గారిదే. ప్రసూన నోరు తెరవకముందే లేచి నిలబడ్డారు. ఈసారి చప్పట్లు మోగాయి. ఆ బొమ్మను కాగితం మీద తీయించి, తన గీత కింద పేరు రాసి, పటం కట్టించి క్లినిక్కు గోడకు తగిలించారు.

ఇమాం బీ పటాన్ని చాలాసేపు చూసింది. "అందరికంటే తక్కువ మీదేనా సారూ? దిగులు పడమాకండి. మేమంతా ఇక్కడికే వస్తాంగా, వచ్చే ఏడు దాటేద్దురుగాని" అంది జాలిగా.

ఆమె నోట్లో థర్మామీటరు పెట్టడం ఆ రోజు కాస్త ఆలస్యమైంది.