రెండు వైపులా పలికే చెక్కలు

అరవైల చివర్లో నేను బాపట్లలో సైన్సు మాస్టారుగా పనిచేసేవాణ్ణి. మా అక్క రేపల్లెలో వీణ పాఠాలు చెప్పేది. అక్కడి గ్రంథాలయం వెనక ఒక పెంకుటి హాలుండేది. నెలకో ఆదివారం సాయంత్రం అక్క అందులో కచేరీ చేసేది. హాలు చిన్నదే, కానీ వీణ నాదం ఇంకా చిన్నది. మూడో వరస దాటితే అక్క వేళ్లు కదలడమే తప్ప వినపడేది కాదు. వెనక కూర్చున్నవాళ్లు మర్యాదకి తలలూపేవాళ్లు.

ఒకసారి ఎవరో పెద్దమనిషి ఉత్సాహపడి, పెళ్లిళ్లకు కట్టే రేకు గొట్టాల మైకు తెప్పించాడు. అక్క తీగ మీటగానే అది కీచుమని అరిచింది. అరుపు ఆగాక వినిపించిన నాదం అంతకంటే ఘోరం. మొదటి కీర్తన కాగానే అక్క వీణ పక్కన పెట్టేసింది.

"ఇది వీణ కాదురా తమ్ముడూ, కంచం మీద గరిటెతో కొడుతున్నట్టుంది. నువ్వు పిల్లలకి శబ్దం పాఠం చెప్తావుగా, నాకేదన్నా చేసిపెట్టు" అంది.

అక్క నన్ను ఏదైనా అడగడం అరుదు. మరుసటి వారమే తెనాలి వెళ్లాను. అక్కడ రేడియోలు బాగుచేసే ఒకాయన కొట్లో, చెద పట్టిన పాత వాల్వు రేడియోల నుంచి ఊడదీసిన స్పీకర్లు గుట్టగా పడి ఉండేవి. అట్టలు చిరగనివి నాలుగు ఏరుకున్నాను.

"పెట్టె లేకుండా స్పీకరు ఏం పలుకుద్దండీ మాస్టారూ?" అన్నాడాయన.

"పెట్టె చేయించే స్తోమత లేదండి. ఉత్త చెక్కకి బెజ్జం కొట్టి బిగిస్తాను."

ఆయన నవ్వి, "పలికితే కబురు చెయ్యండి, నేనూ వచ్చి వింటా" అన్నాడు.

మొదట పీట అంత చెక్కకు బిగించి, మా బడి మైకూ ఆంప్లిఫయరూ తగిలించి అక్కకు వినిపించాను. నాదం తేటగా ఉంది కానీ మంద్ర తీగ పత్తా లేదు. కారణం నాకు తెలుసు. స్పీకరు ముందుకు తోసిన గాలి చెక్క అంచు చుట్టూ తిరిగి వెనక్కి జారిపోతుంది. ముందు గాలీ వెనక గాలీ కలిసి బరువైన స్వరాలను మింగేస్తాయి. చెక్క ఎంత వెడల్పయితే గాలికి అంత చుట్టుతిరుగుడు, మంద్రానికి అంత బతుకు.

"అయితే పెద్ద చెక్క కావాలంటావు" అంటూ అక్క ఇల్లంతా చూసింది. చూపు బావగారి టేకు బీరువా దగ్గర ఆగింది.

బావగారు బియ్యం మిల్లులో గుమాస్తా. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆయన పంచెలూ చొక్కాలూ దండెం మీద ఉన్నాయి, బీరువా తలుపులు నా రంపం కింద ఉన్నాయి. ఆయన జేబులోంచి బీరువా తాళం చెవి తీసి నా చేతిలో పెట్టారు.

"తలుపుల్లేని బీరువాకి ఇదెందుకు బావమరిదీ, ఇదీ నువ్వే పట్టుకెళ్లు" అన్నారు.

ఒక్కో తలుపుకు రెండేసి స్పీకర్లు బిగించాను. ఈసారి మంద్రం నిండుగా పలికింది. అక్క కళ్లు మూసుకుని విని, "పంచమం దగ్గర ఏదో జిర్రుమంటోంది" అంది. తలుపు పిడి! ఊడదీశాను. "ఇప్పుడు షడ్జమం దగ్గర" అంది. కీలు రేకు. అదీ తీసేశాను. ఆమె పట్టిన ప్రతి తప్పుకీ ఒక మేకో మరో రేకో దొరుకుతూనే ఉంది. నాకు చెమటలు పడుతుంటే అక్కకు నవ్వు ఆగలేదు.

కచేరీ రోజున తలుపుల్ని వేదికకు అటూ ఇటూ నిలబెట్టి, వాటి అంచుల వరసలోనే నడుమ మైకు పెట్టాను. ఇలాంటి చెక్కలు ముందుకూ వెనక్కూ పలుకుతాయి, పక్కలకు మాత్రం దాదాపు మూగ. అందుకే మైకు కీచుమనలేదు. వేదిక వెనక గోడకు రెండు పెద్ద కిటికీలున్నాయి. వెనక్కి పోయే నాదం గోడకు తగిలి తిరిగొచ్చి గజిబిజి చేస్తుందేమోనని, గోడ పొడవునా, కిటికీల మీదుగా కూడా గోనెసంచులు వేలాడదీశాను.

మొదటి కీర్తన చివరి వరస దాకా వినబడింది. తెనాలి కొట్టాయన అన్న మాట ప్రకారం రైలెక్కి వచ్చి, గోడకు ఆనుకుని తల ఊపుతున్నాడు. చప్పట్లు ఆగాయో లేదో, కిటికీ బయటి నుంచి ఒక ఆడగొంతు గట్టిగా వినిపించింది.

"అయ్యా, ఆ సంచులు తీసెయ్యండి బాబూ! ఇందాక ఎంత బాగా ఇనపడిందో!"

బయటికెళ్లి చూద్దును కదా, పెరట్లో పది పన్నెండు మంది ఆడవాళ్లు! వెనక సందులో కాపురాలవాళ్లు. సంచులు కట్టకముందు నేను మధ్యాహ్నం సరిచూసుకుంటుంటే విని, కచేరీ వేళకు చాపలేసుకుని కూర్చున్నారు. పిలిచినావిడ ఒక ముసలమ్మ, చాటలో బియ్యం ఏరుకుంటోంది.

"లోపలికి రండమ్మా, చోటుంది" అన్నాను.

"పొయ్యి మీద అన్నం ఉందయ్యా. ఇక్కడైతే అటూ ఇటూ చూసుకుంటాం."

భయపడుతూనే కిటికీల మీది సంచులు తీశాను. నాదం చెడిపోలేదు సరికదా, వెనక సగం హాయిగా కిటికీల్లోంచి పెరట్లోకి పోవడంతో హాల్లో ఇంకా తేటపడింది. నేను వృథా అనుకున్న సగానికి అక్కడ వినేవాళ్లున్నారు.

కచేరీ అయ్యాక సంగతి చెబితే అక్క ముఖం వెలిగిపోయింది. పూలదండ తీసి పక్కన పెట్టి, వెనక మెట్ల మీదుగా పెరట్లోకి దిగింది.

"ఏం వాయించమంటావు అవ్వా?"

"నాకు పేర్లు తెలవ్వమ్మా. మజ్జలో ఒకటి జోలపాట లాగా సాగింది చూడు, అది."

అక్క నాకేసి చూసింది. వీణ మోసుకొచ్చి ఇచ్చాను. చాప మీద కూర్చుని, మైకు లేకుండానే మొదలుపెట్టింది. హాల్లోంచి జనం కూడా ఒక్కొక్కరే వచ్చి చుట్టూ చేరారు. అందరూ దగ్గర దగ్గరగా కూర్చోవడంతో ప్రతి తీగా వినబడింది. ఎవరో చిన్న గొంతుతో, "అన్నం మాడుతోందే!" అంటే, ఒకావిడ లేచి పరిగెత్తి, మళ్లీ పరిగెత్తుకుంటూ వచ్చింది. నేను లోపలికెళ్లి ఆంప్లిఫయరు ఆపేసి వచ్చి, తెనాలాయన పక్కన కూర్చున్నాను.