ఒక పక్క మాడిన రొట్టె

ఎల్బీనగర్‌లో మా సందు చివర సాయంత్రమయ్యేసరికి ఒకామె బండి పెట్టుకుని జొన్నరొట్టెలు చేస్తుంది. పిండిముద్దను అరచేత్తో కొట్టే ఆ టపటప చప్పుడు వింటే చాలు, నా కుడి మోకాలు తనంతట తానే మడుచుకుంటుంది. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. ఇరవై ఏళ్ల కిందట ఆ చప్పుడు వెంట వెళ్తూనే నేను మళ్లీ నడక నేర్చుకున్నాను. ఇప్పుడు మా అమ్మాయి శ్రావ్య కబడ్డీ ఆడుతూ మోకాలి లిగమెంటు తెంచుకుని, ఆపరేషన్ చేయించుకుని ఇంట్లో ఉంది. అందుకే సత్తెవ్వ రోజూ గుర్తొస్తోంది.

సత్తెవ్వ దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంటి ఓనరు. వాళ్ల పొలాలన్నీ కాలనీలైపోయినా, ఆమె మాత్రం ఇంటి వెనక రేకుల కింద కట్టెల పొయ్యి మీదే రొట్టెలు కాల్చేది. నేను నల్లగొండ పల్లె నుంచి వచ్చి, ఆమె మేడమీద గదిలో కిరాయికి ఉంటూ చీరల దుకాణంలో పనిచేసేదాన్ని. పొద్దంతా పరుపు మీద మోకాళ్లు మడిచి కూర్చుని చీరలు విప్పి చూపించాలి. అలాంటిది మూసారాంబాగ్ దగ్గర కదులుతున్న బస్సు దిగబోయి పడ్డాను. లిగమెంటు తెగింది. ఆపరేషన్ చేసిన డాక్టరు రెండు వారాలయ్యాక ఖండితంగా చెప్పాడు, కర్రల సాయంతో రోజూ మెట్లు దిగి ఎక్కాలని, లేకపోతే మోకాలు బిగుసుకుపోతుందని. "నాలుగు నెలలు చూస్తం, తర్వాత వేరే పిల్లను పెట్టుకుంటం" అని దుకాణం సేట్ కబురు పంపాడు. మోకాలు మడవకపోతే నా బతుకుదెరువు పోయినట్టే.

అమ్మ అన్నాళ్లూ నా దగ్గరే ఉండి, పత్తి ఏరే రోజులు రావడంతో ఊరికి వెళ్లిపోయింది. మర్నాడు కింద రొట్టె కొడుతున్న చప్పుడు వినగానే ఆకలేసి పైనుంచి కేక వేశాను.

"అవ్వా, ఒక రొట్టె పైకి పంపియ్యవా?"

"ఉడుకు రొట్టె కిందనే దొరుకుతది బిడ్డా, పైన దొరకది."

"కాలు నొస్తుందవ్వా!"

"నొయ్యనీ. నోరైతే మంచిగనే నడుస్తుంది గద!"

ఒళ్లు మండిపోయింది. ముసలిదానికి ఉన్నది గుండెనా బండరాయా అని తిట్టుకుంటూ దిగాను. పద్దెనిమిది మెట్లకు అరగంట పట్టింది. తీరా వెళితే రొట్టె ఒక పక్క మాడి బొగ్గయి ఉంది. రోజూ అదే వరస. "ఇంత వయసొచ్చింది, రొట్టె కాల్చుడు రాదా అవ్వా?" అంటే, "తింటే తిను, లేకుంటే పో" అని ఉల్లిగడ్డ, ఎర్రకారం నా ముందుకు తోసేది. కోపంతోనే తినేదాన్ని, మర్నాడు ఆ కోపంతోనే మళ్లీ దిగేదాన్ని.

ఒకరోజు ఇంకా మూడు మెట్లుండగా కర్ర జారింది. నా పని అయిపోయిందనుకున్నాను. అరిచేలోపే రెండు చేతులు నన్ను గట్టిగా పట్టేసుకున్నాయి. మెట్ల పక్క తలుపు చాటున సత్తెవ్వ నిలబడి ఉంది. నా నైటీ మీద ఆమె పిండి చేతుల ముద్రలు పడ్డాయి. వెనక రేకుల కింది నుంచి మాడు వాసన గుప్పున కొట్టింది.

"రోజూ ఈడనే నిలబడతవా అవ్వా?" అని అడిగాను.

ఆమె నన్ను మెట్టు మీద కూర్చోబెట్టి, మోకాలు తడిమి చూసి, అప్పుడు చెప్పింది. "మా ముసలాయన ఎడ్లబండి మీదికెల్లి పడి కాలిరగ్గొట్టుకున్నడు. కట్టు ఇప్పినంక నడిపియ్యమన్నరు దవాఖానల. అయ్యో, నొస్తదని నేనే మంచం దిగనియ్యలే. బువ్వ, నీళ్లు, అన్నీ మంచం కాడికే తెచ్చిచ్చిన. కాలు కట్టె లెక్క అయింది. సచ్చేదాంక పీటేసుకుని కూసోని తినలే ఆయన. ఇగ నీ కాలు గూడ పాడుచెయ్యాల్నా బిడ్డా?"

నాకు ఏడుపు ఆగలేదు. ఇన్నాళ్లూ తిట్టుకున్నందుకు సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె మాత్రం కొంగుతో ముక్కు తుడుచుకుని, "ఇగ లే, ఇంకో రొట్టె ఏస్త" అంది.

గడువు దాటకముందే మళ్లీ దుకాణంలో పరుపెక్కాను. ఆ రోజు నా మొదటి గిరాకీ సత్తెవ్వే. ఇరవై చీరలు విప్పించింది. ఒక్క చీర వంక చూస్తే ఒట్టు, చూపంతా నా మోకాలి మీదే! చివరికి ఏమీ కొనకుండానే లేచి వెళ్లిపోయింది. సేట్ ముఖం చూడాలి ఆ పూట. ఆమె పోయి ఇప్పటికి చాలా ఏళ్లయింది.

నిన్న సాయంత్రం బండి దాకా వెళ్లబుద్ధికాక నేనే పెనం పెట్టాను. గదిలోంచి శ్రావ్య పిలిచింది. "అమ్మా, రొట్టె ఇక్కడికే తెచ్చియ్యవా? కాలు బాగా నొస్తుంది."

నా చెయ్యి పళ్లెం మీదికి వెళ్లిపోయింది. కన్నకడుపు కదా, ఆగుతుందా? ఎంతో కష్టం మీద గొంతు గట్టి చేసుకున్నాను. "ఉడుకు రొట్టె ఈడనే దొరుకుతది. ఫిజియో సార్ ఏమన్నడు? నడిచి రా."

"నీకసలు మనసే లేదమ్మా!"

కర్రల చప్పుడు మొదలైంది. వంటింటి తలుపు చాటున నిలబడి, పిండి చేతులు ముందుకు చాపి, ఊపిరి బిగబట్టాను. హాలు ఇంత పెద్దదని నాకు ఇన్నేళ్లూ తెలియలేదు. ఒకచోట పిల్ల తూలింది, మళ్లీ నిలదొక్కుకుంది. గుమ్మం దగ్గరికి రాగానే నేను గబుక్కున పొయ్యి దగ్గరికి ఉరికాను.

శ్రావ్య కుర్చీలో కూలబడి పళ్లెంలోకి చూసింది. "ఏందమ్మా ఇది, ఒక పక్కంతా మాడిపోయింది?"

"తింటే తిను, లేకుంటే పో" అన్నాను.