బరువు లేని చేపలు

2023. డిగ్రీలో మూడు సబ్జెక్టులు సమానంగా చదివే పాత పద్ధతి పోయి, ఒకే మేజర్ పద్ధతి వచ్చిన ఏడాది. శ్రీకాకుళంలో ఒక డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతూ, పిల్లలు మేజర్‌ను ఎలా ఎంచుకుంటారన్న దానిపై పిహెచ్‌డి చేస్తున్నాను. నాది క్వాలిటేటివ్ రీసెర్చ్. అంటే ఎంతమంది ఏం తీసుకున్నారని లెక్కపెట్టడం కాదు. ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, ఎందుకు తీసుకున్నారో తీరిగ్గా వినడం.

వినడం! నేనా! విజయనగరంలో మా ఇంట్లో నన్ను వసపిట్ట అనేవారు. నా మొదటి ఇంటర్వ్యూల రికార్డింగు విని మా గైడుగారు పకపకా నవ్వారు. "ఇందులో పిల్లల గొంతు ఎక్కడమ్మా? ప్రశ్న నీదే, జవాబూ నీదే. అడిగాక నోరు మూసుకో. ఇబ్బందిగా ఉన్నా సరే, మూసుకునే ఉండు" అన్నారు. ఇలా అడిగి ఆగడాన్ని మా పనిలో పాజ్ అంటారు. ఆ రోజు నాకు ఒళ్ళు మండింది గానీ, ఇవాళ ఆయనకు రెండు చేతులెత్తి దండం పెడతాను. ఎందుకంటే ఆ వారంలోనే దివ్య వచ్చింది.

దివ్య కళింగపట్నం నుంచి వచ్చే ఫస్టియర్ అమ్మాయి. తండ్రి సముద్రం మీద వేటకు వెళతాడు. తల్లి పోలమ్మ చేపల తట్ట నెత్తిన పెట్టుకుని శ్రీకాకుళం బజారుకొచ్చి అమ్ముతుంది. దివ్య తీసుకున్నది కంప్యూటర్ సైన్స్.

"కంప్యూటర్సే ఎందుకమ్మా?"

"మా బావ సెప్పినాడు మేడం."

బావ చెప్పాడు, మావ చెప్పాడు, పక్కింటి అన్న చెప్పాడు. ఈ జవాబు నాకు అప్పటికే కంఠస్థం. మామూలుగా అయితే నేనే అందుకుని, "మంచి ఉద్యోగాలొస్తాయనా?" అని ముగించేదాన్ని. నాలుక దురద పెడుతోంది. ఆగాను. ఫ్యాను తిరుగుతోంది. దివ్య చున్నీ అంచు వేలికి చుడుతోంది, విప్పుతోంది.

"నాకు ఆక్వాకల్చర్ తీసుకోవాలని ఉన్నాది మేడం." చెరువుల్లో చేపలూ రొయ్యలూ పెంచే చదువు అది. "రొయ్యకి రోగం ఎందుకొస్తాది, నీరెలాగ బాగుసెయ్యాల, అయ్యన్నీ సదవాలని. అమ్మకెలాగ సెప్పను? తట్ట ముట్టనివ్వదు. నా బట్టలకి నీసు వాసనొస్తాదని నన్ను ముందు బస్సెక్కించి, తను వెనక బస్సుకొస్తాది. నా కోసం అంత సేస్తంటే, మల్లా సేపలే సదువుతానని ఏ మొగం పెట్టుకుని సెప్పను?"

ఏడ్చేసింది. నా కళ్ళూ ఆగలేదు.

మేజర్ మార్చుకోవడానికి ఆ శనివారమే ఆఖరు. అది దాటితే డిగ్రీ అంతా ఇష్టం లేని చదువే. తిన్నగా బజారుకు పోయి పోలమ్మతో మాట్లాడేద్దామా అనిపించింది. కానీ ఇంటర్వ్యూలో విన్నది, చెప్పినవాళ్ళ అనుమతి లేనిదే బయటపెట్టకూడదు. పైగా దివ్య నా చెయ్యి పట్టుకుని, "అమ్మకి సెప్పకండి మేడం" అంటోంది.

"నేను చెప్పనమ్మా. నువ్వూ చెప్పకు. అడుగు. నీకేం కావాలమ్మా అని మీ అమ్మని అడిగి ఊరుకో. తిట్టినా ఊరుకో."

"అంతేనా మేడం?"

"అంతే. ఎంత కష్టమో నన్నడుగు."

శుక్రవారం మధ్యాహ్నం పోలమ్మ స్టాఫ్‌రూము గుమ్మంలో నిలబడింది. ఖాళీ తట్ట వరండాలో పెట్టి వచ్చింది. వెనకాల దివ్య.

"దీనికి నేర్పినది నువ్వేనా?"

కుర్చీలోంచి లేచాను.

"బాగుందమ్మా నీ సదువు! నీకేటి కావాలమ్మా అని అడిగినాది, మరి ఉలకదు పలకదు. ఎంతసేపని సూస్తాను? నానే ఆగనేక కడుపులో ఉన్నదంతా సెప్పీసినాను. అప్పుడు అదీ సెప్పినాది."

"మీరేం చెప్పారు?"

"సేపల మీద నాకేటి కోపం నేదమ్మా. ఆటితోనే కదా బతుకుతన్నాం. నా కోపం ఆ తట్ట బరువు మీద. నా మెడ సూడు, వంచితే లేవదు. దీని నెత్తికి ఆ బరువు ఎక్కకూడదు, అంతే." నా మొహంలోకి చూసి అడిగింది. "బరువు నేని సేపలు ఉన్నాయా మీ కాలేజీలో?"

"ఉన్నాయి" అన్నాను. ముగ్గురం ఆఫీసుకు వెళ్ళాం. ఆక్వాకల్చర్‌లో సీటు ఉంది. ఇంకో గంటలో మేజర్ మారిపోయింది.

"బావ చెప్పాడు" అన్నది అబద్ధమేమీ కాదు. బావ నిజంగానే చెప్పాడు. కానీ ఆ మాట వెనక పిల్లలు ఎవరి మనసు నొచ్చుకోకుండా కాపాడుతున్నారో, అది కూడా వాళ్ళ ఎంపికలో భాగమేనని నాకు నేర్పింది దివ్యే. ఆ అమ్మాయి అనుమతితో, పేరు మార్చి, ఆ సంగతి నా థీసిస్‌లో రాసుకున్నాను. ఇక్కడా అసలు పేర్లు కావు. ఇవాళ కొత్త పిల్లలతో కూర్చున్నప్పుడల్లా ఆ తల్లీకూతుళ్ళను తలుచుకునే మొదలుపెడతాను.

ఆ రోజు వరండాలో దివ్య తట్ట ఎత్తబోయింది. పోలమ్మ చేతి మీద ఒక్కటిచ్చింది. "ఒసే, ముట్టకు! సదువు మార్సినావు గానీ ఇది మారనేదు."

నవ్వాం. "చాలా థాంక్సమ్మా" అన్నాను ఆవిడతో.

"నాకేటికమ్మా, దానికి సెప్పు. పుట్టి ఇన్నేళ్ళయినాది, నీకేటి కావాలని నన్ను అడిగినోలు నేరు. ఇదే అడిగినాది."

ఆ సాయంత్రం ఇద్దరూ వెనక బస్సుకే వెళ్ళారు.