సున్నం కింద జాజుగీతలు

నా చిన్నప్పుడు మా ఇంటి గోడకు బొట్లు ఉండేవి. గడపకు బొట్లు పెట్టడం అందరి ఇళ్లలో ఉన్నదే. మా ఇంట్లో మాత్రం ముందు గది లోపలి గోడకు కూడా మా నాయినమ్మ పండగ పండగకు కుంకుమ పెట్టేది. ఆ గోడ మీద ఎర్రమన్ను జాజుతో అడ్డంగా గీసిన మూడు గీతలు ఉండేవి. ఒకటి మోకాలెత్తున, ఒకటి నా గొంతు దగ్గర, మూడోది మా నాన్న చెయ్యెత్తితే అందేంత పైన. గోదావరి పొంగి మా ఇంట్లోకి వచ్చినప్పుడల్లా నీళ్లు ఎక్కడిదాకా నిలిచాయో అక్కడ నాయినమ్మ గీసిన గీతలవి. నీళ్లు తీశాక బురద ఎత్తిపోయకముందే, తడిసిన బట్టలు ఆరేయకముందే ఆమె ముందు ఆ పని చేసేది. ఇంటికి వచ్చిన గోదారమ్మ ఎక్కడ కూర్చుని పోయిందో మరిచిపోతే ఆ తల్లికి కోపం వస్తుందనేది. గోదారమ్మ మా నాయినమ్మకు అప్పుడప్పుడూ వచ్చిపోయే చుట్టం.

మా ఊరు పినపాకకు అవతల, గోదావరి ఒడ్డున ఉండేది. ఒకవైపు ఏరు, ఒకవైపు అడవి. నాన్న రేవులో పడవ నడిపేవాడు. ఎండాకాలం ఏట్లో ఇసుక తేలితే జనం నడిచే దాటేవాళ్లు, పడవ ఒడ్డున బోర్లా పడుకునేది. ఆ నాలుగు నెలలూ మా పొయ్యి వెలిగేది ముందు గది మీద వచ్చే కిరాయితోనే. రాతి గోడల గది, దానికి ఆనుకుని చిన్న వంటచూరు. మేము వెనకవైపు మట్టి ఇంట్లో ఉండేవాళ్లం. అంతకుముందు వానాకాలం వరద వచ్చి పోయాక ముందు గదిలో ఉన్నవాళ్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు. తరవాత చూడటానికి వచ్చినవాళ్లు గదిలో అడుగుపెట్టి, గీతలు చూసి, గుమ్మంలోనుంచే తిరిగిపోయారు.

బొగ్గు బావులు కొత్తగా తెరుస్తున్న రోజులవి. ఎక్కడెక్కడి వాళ్లో పనికి వచ్చి ఇళ్లు వెతుక్కుంటున్నారు. అయినా మా గది ఖాళీగానే ఉంది. ఒక పొద్దున నాన్న కుండలో సున్నం నానబెట్టాడు. నాయినమ్మ చూసి, "గీతల మీద గూడ ఏస్తవారా?" అంది. "ఏయకుంటే ఏం తింటం అమ్మా? నీ చుట్టం పెడతదా బువ్వ?" అన్నాడు నాన్న. నాయినమ్మ లేచింది. లోపలికి వెళ్లి సున్నంలో కలపడానికి నీలిమందు పొట్లం తెచ్చి ఇచ్చింది. ఆ సంగతి నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆమె మనసు ఒప్పుకోలేదు, కానీ పొయ్యి సంగతి ఆమెకూ తెలుసు.

కుంచె నా చేతికి ఇచ్చారు. కింది రెండు గీతలు నేనే కప్పాను, పైది నాన్న. ఒక్క పూతకు ఎర్రగా జీర కనిపిస్తోందని రెండో పూత కూడా వేశాను. ఆరాక గోడ పాల మీగడలా అయింది. గీతలు ఎక్కడున్నాయో నాకే తెలియలేదు. ఆ రోజు నన్ను నేను పెద్ద పనివాణ్ణి అనుకున్నాను.

వారం తిరక్కుండా కల్లూరు వైపు నుంచి ఒక జంట వచ్చింది. అతనికి బొగ్గు బావిలో పని దొరికిందట. బండి వేప చెట్టు కింద ఆపి ఇద్దరూ లోపలికి వచ్చారు. అతను తక్కువ మాట్లాడాడు. అడగవలసినవన్నీ ఆమే అడిగింది. నేను మనసులో ఆమెకు కల్లూరక్క అని పేరు పెట్టుకున్నాను.

"మంచినీళ్ల బాయి ఎంత దూరమన్నా?"

"పిలిస్తే పలికేంత దూరం."

"వానకు పైన కారుతదా?"

"పోయినేడే పెంకులు తిరగేయించిన. చుక్క పడదు."

"అడివి పక్కనే ఉందిగదా, పాములు గిట్ల వస్తయా?"

"వస్తయి. కిరాయి అడిగితే పోతయి."

ఆమె నవ్వింది. "మా చుట్టాలొస్తే మీరేమన్న అంటరా?"

"అనం. కోడిని కోస్తే మాత్రం మాకు చెప్పున్రి."

నాన్న చెప్పిన ప్రతి జవాబూ నిజమే. బావి దగ్గరే, పైకప్పు కారదు. ఒక్క అబద్ధం ఆడలేదు. నేను గోడకు ఆనుకుని, వీపుకు సున్నం అంటుకుంటున్నా కదలకుండా నిలబడ్డాను. ఇక ఆమె పొయ్యి ఎక్కడ పెట్టుకోవాలో కూడా చూసుకుంటోంది. గది కిరాయికి పోయినట్టే, అంటే మాకు బువ్వ దొరికినట్టే అనుకున్నాను.

అప్పుడు నాయినమ్మ చెంబుతో నీళ్లు తీసుకుని బయటికి వెళ్లింది. ఎండలో వచ్చిన బండివాడికి ఇద్దామని. కాసేపటికి తిరిగి వచ్చింది గానీ, వెళ్లిన మనిషిలా లేదు. చెంబులో సగం నీళ్లు అలాగే ఉన్నాయి.

"బండిల పండుకున్నామె ఎవరు బిడ్డా?" అని అడిగింది.

"మా అత్తమ్మ," అంది కల్లూరక్క. "నడుము కిందికి పడిపోయింది అవ్వా. ఎత్తుకొని దించాలె. ఇల్లు కుదిరినంక దించుదమని చెట్టు కింద ఉంచినం."

నాయినమ్మ నాన్న వైపు చూసింది. నాన్న నేల వైపు చూశాడు. కొడుకును బయటివాళ్ల ముందు మాట అనడం ఆమెకు చేతకాదు. అంతకుముందూ అనలేదు, ఆ తరవాతా అనలేదు. "ఏం ఎండ తల్లీ, గోడ సుత కాలిపోతాంది," అని తనలో తాను అనుకున్నట్టుగా అంటూ చెంబులో మిగిలిన నీళ్లు గోడ మీద చల్లింది.

తడిసిన సున్నం గాజులా అవుతుందని నాకు ఆ రోజే తెలిసింది. నీళ్లు జారినచోటల్లా తెలుపు పలచబడి, లోపలినుంచి జాజు ఎర్రగా పైకి తేలింది. ముందు మోకాలెత్తు గీత, తరవాత నా గొంతెత్తు గీత. వాటి మీద, నేను రెండు పూతల సున్నంతో కప్పేసిన కుంకుమ బొట్లు.

"ఇదేంది అవ్వా?" అంది కల్లూరక్క.

"గోదారమ్మ కూసున్న జాగ," అంది నాయినమ్మ. "ఇంకోటి పైనుంది. నా చెయ్యి అందదు."

అతను వెళ్లి గీత పక్కన నిలబడ్డాడు. రెండో గీత అతని పొట్ట దగ్గరికి వచ్చింది. తలెత్తి పైకి చూశాడు. తరవాత గుమ్మంలోంచి బండి వైపు చూశాడు. మళ్లీ నాన్న వైపు తిరిగాడు. "గిన్ని అడిగితిమి. గీ ముచ్చట ఒక్కటి చెప్పకపోతివేమన్నా?"

"మీరు నీళ్లొస్తయా అని అడగలే గద తమ్మీ," అన్నాడు నాన్న. ఆ మాట బయటికి వచ్చాక నాన్నకే అది బాగాలేనట్టు అనిపించింది, తుండుతో మొహం తుడుచుకున్నాడు.

"వాళ్లు పొలాల దిక్కు నుంచి వచ్చిన్రు," అంది నాయినమ్మ, నాన్నతో కాదు, ఖాళీ చెంబు వైపు చూస్తూ. "మన దగ్గర ఏం అడగాల్నో వాళ్లకెట్ల ఎరుక?"

నాయినమ్మ చెంబు గుమ్మంలో పెట్టింది. కొంగు నెత్తిన కప్పుకుని బండి ముందు నడిచింది. గుట్టవాడలో ఆమెకు తెలిసిన ఒక కోయ అక్క ఉండేది, ఏటా బీడీల తునికాకు కల్లం దగ్గర ఇద్దరూ కలిసి కట్టలు కట్టేవాళ్లు. ఆ అక్క ఇంటి పంచకు నాయినమ్మ తడికలు కట్టించి, మట్టి పూయించి, ఆ సాయంత్రానికల్లా కల్లూరు వాళ్లను అందులో దించి వచ్చింది. గుట్టవాడకు నీళ్లు ఎన్నడూ ఎక్కలేదు. బావి మాత్రం దూరం. ఆ సంగతి కూడా ముందే చెప్పి మరీ దించిందట.

మా ముందు గది ఖాళీగానే ఉండిపోయింది. నాన్న చాలా రోజులు నాయినమ్మతో మాట్లాడలేదు. ఏదైనా కావాలంటే, "మీ నాయినమ్మను అడుగు" అని నాతో అనేవాడు. ఆమె పక్కనే కూర్చుని ఉండేది. నాకూ ఆమె మీద కోపంగానే ఉండేది. పొద్దుటి జొన్న గటక పలచబడింది, మధ్యాహ్నం బువ్వ తగ్గింది. ఒకరోజు కంచం ముందు కూర్చుని, "నువ్వు నీళ్లు చల్లకపోతే అయిపోయేది గద" అన్నాను. ఆమె తన కంచంలోది నా కంచంలోకి తోసింది. నేను తినేశాను. వద్దని ఒక్క మాట కూడా అనలేదు. ఆ రోజు తలుచుకున్నప్పుడల్లా నాకు ముందు గుర్తొచ్చేది ఆ ముద్ద.

తునికాకు మొదలయ్యాక నాయినమ్మ ఇంకా చీకటి ఉండగానే అడవికి వెళ్లేది. ఆ వయసులో అంత దూరం ఆమె ఎన్నడూ పోలేదు. మధ్యాహ్నం మూటతో వచ్చి, చూరు కింద కూర్చుని ఆకు సర్ది కట్టలు కట్టేది. ముళ్లు గీరిన చేతులకు పసుపు రాసుకునేది. ఒకరోజు నాన్న ఆ చేతులను చూస్తూ ఉండటం నేను చూశాను. మర్నాడు పొద్దున లేచేసరికి ఇద్దరూ లేరు. నాన్న కూడా అడవికి వెళ్లాడు. తిరిగి వచ్చినప్పుడు రెండు మూటలూ నాన్న నెత్తి మీదే ఉన్నాయి. ఏం మాట్లాడుకున్నారో, అసలు మాట్లాడుకున్నారో లేదో తెలియదు. ఆ సాయంత్రం మాత్రం నాన్న, "అమ్మా, జర ఉప్పు అందియ్యే," అన్నాడు.

వానాకాలం గోదావరి మళ్లీ వచ్చింది. ఊళ్లో డప్పు వేసి చెప్పారు. గిన్నెలు, బియ్యం కుండ, మేక పిల్ల, అన్నీ ఎత్తుకుని మిట్ట మీద ఉన్న బడికి చేరాం. బడి నిండా జనం. తడి నేల మీద గోనెపట్టా పరిచి నాయినమ్మను కూర్చోబెట్టాం. మధ్యాహ్నం కల్లూరక్క గొడుగు పట్టుకుని వచ్చింది. ఆ జనంలో మమ్మల్ని వెతుక్కుని, "లే అవ్వా, ఇంటికి పోదం," అంది, ఆ ఇల్లు మాదే అయినట్టు.

ఆ చిన్న పంచలో అందరం ఎలా పట్టామో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మంచం మీద ఉన్న కల్లూరు ముసలమ్మ గోడ వైపు జరిగి నాయినమ్మకు చోటు ఇచ్చింది. కదలలేని మనిషి, చేతులతో మంచం పట్టె పట్టుకుని జరిగింది.

"నన్ను ఇల్లు సుత చూడనియ్యకపోతివి గదనే," అంది ఆమె నాయినమ్మతో. "ఎండల బండి మీద మాడిపిచ్చి పంపినవ్."

"చూసుంటే గీపాటికి బంగాళాఖాతంల ఉందువు," అంది నాయినమ్మ.

"ఉంటే ఉందు. చేపలు తిందు."

"చేపలే నిన్ను తినేటియి."

ముసలమ్మలిద్దరూ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని మంచం ఊగేలా నవ్వారు. గుమ్మంలో గొంతుక్కూర్చున్న నాన్న వాన వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. వాన జల్లు అనుకున్నాను అప్పుడు.

నీళ్లు తీశాక మేము ఇంటికి వెళ్లేసరికి తడి పైదాకా పాకి సున్నమంతా రాలి, మూడు గీతలూ బయటపడి ఉన్నాయి. కొత్త నీళ్లు రెండో గీతకు పైన ఆగాయి. నాన్న బురదలోనే నిలబడి, ఎవరూ చెప్పకుండానే జాజు నానబెట్టి అక్కడ గీత గీశాడు. బొట్టు పెట్టమని కుంకుమ భరిణె నాయినమ్మ చేతికి ఇచ్చాడు. ఆ తరవాత ఎవరు గది చూడటానికి వచ్చినా, వాళ్లు చెప్పులు విడవకముందే నాన్న ఆ గోడ చూపించేవాడు. చాలామంది పోయారు. మూటాముల్లె తక్కువ ఉన్న కుర్ర పనివాళ్లు కొందరు, చాటింపు వినగానే మిట్టెక్కుతామని ఒప్పుకుని, కాస్త తక్కువ కిరాయికి ఉన్నారు. ఎవరూ మమ్మల్ని తిట్టుకుంటూ పోలేదు.

ఇదంతా చూసి పెరిగినవాణ్ణి కదా, నేను మా నాయినమ్మ అంతటివాణ్ణి అయి ఉంటానని అనుకుంటారు. కాలేదు. కొత్తగూడెంలో ఇల్లు కట్టుకుని, పై వాటా కిరాయికి ఇస్తున్నాను. రెండేళ్ల కింద చంటిపిల్లతో ఒక జంట వచ్చి, "నీళ్లకు ఇబ్బంది ఉండదు కదా అంకుల్?" అని అడిగారు. "సొంత బోరు ఉందమ్మా," అన్నాను. ఉంది. ఉగాది దాటితే అది ఎండిపోతుందని చెప్పలేదు. ఆ ఎండాకాలం ఆ అమ్మాయి ఒక చంకలో పిల్లను, ఒక చేత్తో బిందెను పట్టుకుని మెట్లెక్కడం నేను కిటికీలోంచి చూశాను. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. వాళ్లు ఖాళీ చేసే రోజున గుమ్మం దాకా వెళ్లి, చెప్పాల్సిన మాట చెప్పలేక, సామాన్ల ఆటోకు దారి చూపించి వచ్చాను. కుంచె చేతికి ఇచ్చిన రోజున నేను చిన్నపిల్లవాణ్ణి. ఈసారి కుంచె నేనే తీసుకున్నాను.

పై వాటా ఇప్పుడు మళ్లీ ఖాళీగా ఉంది. గేటుకు "ఇల్లు కిరాయికి ఇవ్వబడును" అని బోర్డు కట్టి ఉంది. పోయిన వారం దాన్ని విప్పి, కింద ఉన్న కాస్త ఖాళీలో నా చేత్తో ఇంకొక వరస రాశాను: ఉగాది తరవాత బోరులో నీళ్లు ఉండవు. మా ఆవిడ చూసి, "గిట్ల రాస్తే కుక్క గూడ రాదు," అంది. నిజమే కావచ్చు, ఇంకా ఎవరూ రాలేదు. ఆ వరస రాయడానికి అంగడికి వెళ్లి రంగు డబ్బా అడిగినప్పుడు, ఏ రంగు అన్నాడు అంగడతను. ఆలోచించకుండానే ఎరుపు అన్నాను.