అయిదో మనిషి వెడల్పు

మా అత్తవారింట్లో కొత్త కోడలికి నగలకంటే ముందు వీపు కొలత తీస్తారు. ఏటా ఎండలు తగ్గగానే ఇంటిల్లిపాదీ సంచులు తగిలించుకుని కొండలెక్కాలి. ఆ సంచులు, బొంతలు, డేరా అన్నీ ఇంట్లో కుట్టినవే అయివుండాలి. బరువన్నది ఉండకూడదు. మామయ్య బతుకంతా త్రాసులు బాగుచేసినాయన. పళ్లు తోముకునే బ్రష్షుని కూడా సగానికి విరిచి తూస్తారు. మొదటి ఏడు నా జడ కూడా తూస్తారేమోనని భయపడ్డాను.

ఇంటిల్లిపాదీ అన్నాను గానీ, అది శుద్ధ అబద్ధం. ఇవన్నీ కుట్టే మనిషి మాత్రం ఎన్నడూ కొండ మొహం చూడలేదు. ఆవిడ నా తోటికోడలు. నేను అక్కా అంటాను.

అక్క గొడుగులు కుట్టేచోట పనిచేస్తుంది. అక్కడ మిగిలిన గుడ్డ ముక్కలు తెచ్చి, సాయంత్రాలు కిటికీ పక్క మిషన్ మీద మాకు డేరా కుడుతుంది. ప్రతి కుట్టునీ రెండు మడతలు మడిచి, మైనం రుద్ది, కుళాయి కింద పట్టి చూస్తే గానీ వదలదు. మేం కొండ దిగి రాగానే మొదట అడిగేది, "ఎక్కడైనా కారిందా?" అని. కారలేదంటే, సంచులు తిరగేసి, మూలల్లో ఇరుక్కున్న ఆకునో మట్టినో తీసి వాసన చూస్తుంది.

ఆవిడ ఆగిపోవడానికి కారణం మధ్యగదిలో ఉంది. అత్తయ్యకి పక్షవాతం. గుటక సరిగా పడదు. నీళ్లు పట్టాలంటే చెమ్చా వాటం తెలియాలి, అది అక్కకే తెలుసు. అత్తయ్య తలకింద వెలిసిపోయిన నారింజరంగు దిండు గలేబొకటి ఉంటుంది. జారుడు గుడ్డ, తల నిలవదు. "ఆ పీలిక పారెయ్యండి," అని మామయ్య విసుక్కుంటే, అత్తయ్య బాగున్న చేత్తో దాన్ని గట్టిగా పట్టేసుకుంటుంది.

ఈ ఏడు తనూ కొండకి రావాలని అక్క పట్టుదలగా ఉంది. అత్తయ్య చెల్లెల్ని, అంటే మా చిన్నత్తయ్యని బతిమాలి ఒప్పించి, పక్కన కూర్చోబెట్టుకుని చెమ్చా పట్టడం నేర్పింది. బావగారికి చెబితే, "నాన్నని అడుగు," అన్నారు. మామయ్యని అడిగితే, "చూద్దాంలే," అన్నారు. మా ఇంట్లో చూద్దాం అంటే కుదరదని. ఆ సంగతి అక్కకి తెలియకపోలేదు. అయినా గుడ్డ కోసింది.

బయల్దేరే ముందురోజు హాల్లో కుర్చీలు పక్కకి జరిపి, డేరా వేసి, వెళ్లేవాళ్లందరూ అందులో పడుకుని చూడటం మా ఇంటి రివాజు. మామయ్య, బావగారు, మా ఆయన, నేను. ఏటా కుక్కిన పేనులా పడుండేదాన్ని. ఈసారి చెయ్యి చాపినా గోడ తగల్లేదు. ఎంత హాయిగా ఉందో అనుకున్నాను, బుర్రలేనిదాన్ని.

మామయ్య డేరా చుట్టి త్రాసు కొక్కేనికి తగిలించారు. ముల్లు గీత దాటేసింది.

"ఎక్కడిదమ్మాయ్ ఈ బరువు?"

"నాదే మామయ్యా." అక్క గుమ్మంలో నిలబడి ఉంది. "నా వెడల్పు కూడా కలిపి కోశాను. అత్తయ్యని చిన్నత్తయ్య చూసుకుంటానన్నారు."

"డేరా నలుగురికి. మోయాల్సింది మేము."

"నా భాగం నేను మోస్తాను."

"అదేం కుదరదు. విప్పెయ్. పొద్దున్నకల్లా కావాలి."

బావగారు డేరా మేకులు లెక్కపెట్టుకుంటున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. "నేనుండిపోతాను, నా బదులు అక్కని తీసుకెళ్లండి," అన్నాను.

"సంచి నీ వీపుకి కుట్టింది. ఒకరి సంచి ఇంకొకరు మోయరు," అన్నారు మామయ్య.

"కందకి లేని దురద కత్తిపీటకెందుకే," అని మా ఆయన గొణిగారు. ఆ కంద దురద ఎంతదో ఆయనకేం తెలుసు.

అక్క, "చిన్నత్తయ్యకి రావద్దని ఫోన్ చెయ్," అని నాతో చెప్పి, డేరా తీసుకెళ్లి అత్తయ్య మంచం పక్కన కూర్చుని బ్లేడుతో కుట్లు విప్పడం మొదలుపెట్టింది. మనిషి పొడుగున నీలం గుడ్డ ఊడి వచ్చింది. అత్తయ్య అటే చూస్తోంది. ఎప్పుడూ పూర్తిగా పలకని మనిషి, కూడబలుక్కుని నోరు విప్పింది.

"నేనూ... కలిపి కోశాను. ఒకసారి."

బాగున్న చేత్తో దిండు తట్టింది.

"ఇది... నా వెడల్పు."

నాకు హాల్లో ఉన్న ఫొటో గుర్తొచ్చింది. పడుచు వయసులో మామయ్య, ఆయన వెనక మా ఇంటి మొదటి డేరా. అది నారింజరంగుదే. ఆ ఫొటోలో అత్తయ్య లేదు. ఇన్నాళ్లూ ఫొటో తీసింది ఆవిడేననుకున్నాను.

అక్క ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. అత్తయ్యకి నీళ్లు పట్టి, మూతి తుడిచి, మిషన్ దగ్గరికి వెళ్లింది. నేను సంచి సర్దుకుంటూ వింటున్నాను. నలుగురి డేరా మళ్లీ కలిపే కుట్టు అయిపోయింది. కుళాయి కింద పట్టి చూడటం కూడా అయింది. కాసేపటికి మిషన్ చప్పుడు మళ్లీ మొదలైంది.

వెళ్లి చూశాను. ఆ నీలం గుడ్డని మడిచి దిండు గలేబు కుడుతోంది.

"అత్తయ్యకా అక్కా?"

"కాదు," అంది, దారం కొరుకుతూ. "నాకే."